కుడితి తాగే కారు

మా ఇంట్లో సాయంత్రం పూట రెండింటికి కుడితి పెట్టాలి. ఒకటి గేదెకు, రెండోది కారుకు. గేదె పని నానమ్మది. కారు పని నాది.

కారు వెనక సీటు ఎత్తితే కింద పెద్ద పెట్టె ఉంటుంది. అందులో పన్నెండు పళ్ళాలు, సొరుగుల్లా పక్కపక్కన. పళ్ళెం నిండా ముదురు ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళ మీద లేత గులాబీ రంగులో మీగడ. వంచిన గంజిలో కాస్త తవుడు, చిన్న బెల్లం ముక్క, గుప్పెడు ఉప్పు కలిపి వడకట్టి గరాటులో పోస్తే, సన్నటి గొట్టాల్లోంచి అన్ని పళ్ళాలకూ చేరుతుంది. ఉప్పు మరిచిపోకూడదు. మంచినీళ్ళు ఆ మీగడకు విషం. కాసేపటికి మీగడ కింద బుడగలు లేస్తాయి. చెవి ఆనించి వింటే, మూత పెట్టిన గిన్నెలో అన్నం ఉడుకు పట్టినట్టు చప్పుడు. అది వినబడితే కారు అన్నం తిన్నట్టే.

"గేదెకి పోస్తే పాలిస్తది. దీనికి పోస్తే ఏమిస్తదే?" అని నానమ్మ మొదట్లో రోజూ సణిగేది.

"చీరాల తీసుకుపోయి తీసుకొస్తదమ్మా. నీ గేదె తీసుకుపోతదా?" అనేది మా మేనత్త హేమలత.

ఆ మీగడను కనిపెట్టింది మా అత్తే. చీరాల కాలేజీలో పాఠాలు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. మా ఊరు కొఠారుపాలెం. సముద్రం ఒడ్డున ఉప్పు పండించుకుని బతికే ఊరు. సముద్రపు నీళ్ళు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మారుతూ ఎండకు చిక్కబడతాయి. ఎండలు ముదిరేసరికి చివరి మడిలో నీళ్ళు ఎర్రబడతాయి. ఆ ఎరుపు నీళ్ళది కాదు, ఆ ఉప్పులో బతికే కంటికి కనపడని ప్రాణులది. ఊళ్ళో అందరం పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఎరుపే. ఒక ఏడు మాత్రం మా నాన్న మడిలో ఒక మూల ఆ ఎరుపు మీద గులాబీ తరక కట్టింది. అత్త దాన్ని సీసాలో పట్టుకొచ్చింది. రెండు బొగ్గు కడ్డీలు ముంచి చిన్న బల్బు తగిలించింది. వెలగలేదు. విసుగొచ్చి, చేతిలో ఉన్న గంజి గ్లాసులోంచి కాస్త ఒంపి పడుకుంది. పొద్దున లేచేసరికి బల్బు వెలుగుతోంది.

బల్బు నుంచి కారు దాకా రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

ఊరి బయట వాడకం లేని ఉప్పు గోదాములో అత్త ప్రయోగాలు చేసేది. బడి అయిపోయాక నేను అక్కడే ఉండేదాన్ని. బళ్ళో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేని నాకు, మాట్లాడాల్సిన పని లేని ఆ గోదాము బాగుండేది. వరసగా పెట్టిన పళ్ళాలు, పులిసిన గంజి వాసన, సన్నటి బుడగల చప్పుడు. కొత్త పళ్ళెం తయారుచేయాలంటే పాత పళ్ళెంలోంచి మీగడ తీసి, ముదురు ఉప్పునీళ్ళలో కలిపి, కదపకుండా ఉంచాలి. నాలుగైదు రోజులకు పేరుకుంటుంది. పెరుగు తోడుపెట్టడం లాంటిదే. అత్త కూడా దాన్ని తోడు అనే అనేది. అయితే గోదాములో పళ్ళాలు ఎప్పుడూ బలహీనంగానే ఉండేవి. రోజూ పని చేసి, రోజూ తిని, రాత్రంతా నిద్రపోయే కారులోని మీగడే మందంగా, ఆరోగ్యంగా ఉండేది.

"కూర్చోబెట్టి తిండి పెడితే వీటికి ఒంటబట్టదు చెంచూ. పని కావాలి," అని అత్త నవ్వేది. నా పేరు చెంచులక్ష్మి.

ఒకరోజు నాకొకటి చూపించింది. ఒక పళ్ళానికి తిండి ఆపేసి, దానికి ఫ్యాను తగిలించింది. ఫ్యాను తిరిగి తిరిగి నెమ్మదించింది. ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఉన్నట్టుండి ముందుకంటే వేగంగా తిరిగింది.

"అదేందత్తా?"

"తినడానికేమీ లేక తమని తామే తింటున్నాయి. అప్పుడే కరెంటు ఎక్కువొస్తది. ఒకసారి మొదలైతే ఇంక ఆగదు."

గులాబీ రంగు అంచుల నుంచి తెల్లబడుతూ మధ్యకు వచ్చింది. ఫ్యాను ఆగింది. చచ్చిన రొయ్యల వాసన వేసింది. అత్త పళ్ళెం కడిగేసి, కారులో బలం చూపించే ముల్లు దగ్గర ఎర్ర గీత గీసింది. నలభై అయిదు కిలోమీటర్లకు ముల్లు ఆ గీత మీదికొస్తుంది. గీత దాటి నడపకూడదు. ఆపి, తిండి పెట్టి, రాత్రంతా పడుకోబెట్టాలి.

చీరాల పోయి రావడానికి నలభై అయిదు చాలు. అత్త కాలేజీకి, నాన్న ఉప్పు బేరానికి, నానమ్మ కళ్ళ డాక్టరు దగ్గరికి, అన్నీ ఆ కారులోనే. ప్లగ్గు అక్కరలేదు. పెట్రోలు బంకు మొహం చూడలేదు. మా సర్పంచ్ రాఘవులు తాతకు కొన్న కరెంటు కారు ఉండేది, చాలా పెద్దది. ఆయన ఒక సాయంత్రం వచ్చి, నేను కుడితి పోస్తుంటే నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏమ్మా హేమా, దీన్నేసుకుని తిరపతి పోగలవా?"

"పోలేను బాబాయ్. దార్లో ఐదు రాత్రులు పడుకోబెట్టాల దీన్ని."

"మరింకేంది? మాది ఒక్కసారి చార్జింగు పెడితే తిరపతి."

"సంవత్సరానికి ఎన్నిసార్లు పోతావు తిరపతి?"

"రెండుసార్లు."

"చీరాలకి?"

"రోజూ పోవాల్సిందేగా."

"రోజూ పోయే చీరాలకి మాది చాలుగా మరి. గంజి ఖర్చు."

రాఘవులు తాత నవ్వలేదు. సీటు కింద బుడగల వైపు కాసేపు చూశాడు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కానీ మనిషి కారు కొనేది ఆ రెండుసార్ల కోసమే. పోవాల్సొచ్చినప్పుడు పోగలమని ధైర్యం," అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక అత్త గరాటు కడిగి బోర్లించింది. తర్వాత, "ఆయనన్నదీ నిజమేనే," అంది.

*

తుఫాను వస్తుందని రెండు రోజులుగా చెబుతున్నారు. ఆ సాయంత్రం ఆకాశం ఇటుక రంగులో ఉంది. గాలి లేచింది. నానమ్మ గడప దగ్గర దీపం పెట్టి, దానికి గాలి తగలకుండా చేట అడ్డం పెట్టింది. అప్పుడొచ్చాడు మస్తానన్న.

మస్తానన్నది ఆటో. మా వీధి చివర దిబ్బ మీద ఇల్లు. అత్త చెప్పిన కొలతల ప్రకారం ఆటోకి ఇంజను తీసేసి నాలుగు పళ్ళాల పెట్టె చేయించుకున్నాడు. చివరి మడిలో నీళ్ళు ఎండాకాలంలోనే పట్టి దాచుకున్నాడు. ఇక తోడు పడటమే తరువాయి. భార్య కోమలక్కకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు ముందే ఆటో తిరిగితే బాగుంటుందని అతని ఆశ.

"పెద్దమ్మా, హేమక్క తోడు ఇస్తానన్నది. పళ్ళెం తెచ్చుకున్నా," అన్నాడు గుమ్మంలో నిలబడి.

"దీపాలు పెట్టాక వచ్చావేందిరా?" అంది నానమ్మ.

"మధ్యాన్నం నుంచి ఇంటి కప్పుకి తాళ్ళు కడతానే ఉన్నా. ఇప్పటికి తెమిలింది."

"దీపాలు పెట్టాక పాలూ, పెరుగూ, ఉప్పూ గడప దాటవు. మీ అమ్మ చెప్పలా నీకు?"

"అది పెరుగు కాదులేమ్మా," అంది అత్త లోపల్నుంచి వస్తూ.

"కాకపోతే ఏందంట? ఉప్పులో ఉంటది, మీగడ కడతది, తోడు పెడితే పేరుకుంటది. ఎవరడిగినా ఇదే మాట చెబుతా నేను. నిన్న ఆ సర్పంచు కోడలు చెంచాడు పెరుగు కోసం వస్తే ఇచ్చానా? పొద్దున్నే రా నాయనా, పళ్ళెం నిండా ఇస్తా."

మస్తానన్న నవ్వాడు. "సరే పెద్దమ్మా. ఈ రాత్రికి నీ లక్ష్మి నీ ఇంట్లోనే ఉండనీ. కోమలి ఒక్కతే ఉంది, పోతా."

అత్త అతని చేతిలోని ఖాళీ పళ్ళెం వైపు, ఆకాశం వైపు చూసింది. వాళ్ళమ్మతో వాదన పెట్టుకోవడం ఇష్టంలేక, "పొద్దున్నే వచ్చెయ్ మస్తానూ. ఒక్క రాత్రికి ఏమవుతదిలే," అంది.

ఆ మాట నానమ్మది కాదు, అత్తది.

*

తెల్లారేసరికి మడులు లేవు. గట్లన్నీ కరిగి, సముద్రం దాకా ఒకటే నీళ్ళు. గోదాము కప్పు ఎగిరిపోయింది. పళ్ళాలన్నీ వాననీళ్ళతో నిండి పొర్లుతున్నాయి. మీగడ ముద్దలు తెల్లగా, ఉడికిన గుడ్డు పొరల్లా తేలుతున్నాయి. అత్త ఒక్కో పళ్ళెంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "చప్పగా ఉన్నాయి," అంది. అన్నిటికీ అదే మాట.

కారును మాత్రం నాన్న ఆ రాత్రి గాలి ముదరకముందే ఉప్పు రాశులు పోసే ఎత్తు దిబ్బ మీదికి ఎక్కించి, టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించాడు. అత్త సీటు ఎత్తింది. మీగడ గాలికి అదిరి చిట్లి ముక్కలైంది, కానీ గులాబీ రంగులోనే ఉంది. చెవి ఆనించి వింది. తర్వాత అక్కడే నేల మీద కూలబడింది.

"ఇంక ఇవే చెంచూ. ఇంకెక్కడా లేవు."

మస్తానన్న ఇల్లు నిలిచింది. దిబ్బ మీద కాబట్టి నీళ్ళు రాలేదు. ఆటోలో పెట్టె పొడిగా, మూత కదలకుండా, ముదురు నీళ్ళతో సహా భద్రంగా ఉంది. అందులో లేనిది తోడు ఒక్కటే. ఆ ముందు రాత్రి ఇచ్చి ఉంటే, ఈపాటికి అందులో చిక్కబడుతూ ఉండేది.

నానమ్మ ఆ పెట్టె చూసి వచ్చింది. అన్నం తినలేదు.

"ఇప్పుడిస్తే సరిపోదంటావా?" అని అడిగింది అత్తను.

"ఇప్పుడు తీస్తే రెండూ చస్తాయమ్మా. చిట్లింది మళ్ళీ కట్టుకోవాల. నాలుగు రోజులు పట్టుద్ది."

ఆ రోజు నుంచి నానమ్మ గేదె సంగతి నాకప్పజెప్పి, కారు కుడితి తనే కలపడం మొదలుపెట్టింది. ఊళ్ళో బియ్యానికి కటకటగా ఉంది. నానమ్మ తన గిన్నెలో గంజి కూడా దానికే పోసింది.

మూడో రోజు పొద్దున మస్తానన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. నానమ్మ వెళ్ళి కోమలక్క పొట్ట మీద చేతులు పెట్టి చూసింది. మా వీధిలో చాలామందికి పురుడు పోసిన చేతులవి. బయటికొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతిలో లేదు ఇది. కోసి తియ్యాల్సిందే."

ఫోన్లు లేవు. కరెంటు లేదు. చీరాల దారిలో వంతెన కొట్టుకుపోయింది. ట్రాక్టర్లు రెండూ వాగు అవతల ఇరుక్కున్నాయి. బంకు నీళ్ళలో ఉంది. రాఘవులు తాత కారు తుఫాను రోజంతా జనాన్ని బడికి చేరవేసి చార్జింగు అయిపోయి నిలబడింది. ఆయన తాళంచెవి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"కరెంటు వస్తే ఈ నిమిషమే తీసుకుపోదును. ఏం చేసేదమ్మా," అన్నాడు. ఆ గొంతులో తిరపతి మాట నాటి ధీమా లేదు.

మిగిలిన దారి పర్చూరు మీదుగా గుంటూరు. తొంభై కిలోమీటర్లు.

అందరూ అత్త వైపు చూశారు. అత్త సీటు ఎత్తి పెట్టె వైపు చూసింది.

"గీత దాకా నలభై అయిదు. ఆ తర్వాత ఒక్కో పళ్ళెం తనని తను తింటూ నాలుగేసి కిలోమీటర్లు లాగుద్ది. పన్నెండు పళ్ళాలు," అంది ఎవరితోనో కాదు, తనతోనే.

"అంటే సరిపోద్ది గదా అక్కా?" అన్నాడు మస్తానన్న.

"బరువు తగ్గితే సరిపోద్ది."

"నా బరువు ఎన్ని కిలోమీటర్లక్కా?"

అత్త తలెత్తి అతన్ని చూసింది. చెప్పకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది.

"ఆరు," అంది.

మస్తానన్న కోమలక్కను ఎత్తి వెనక సీటులో పడుకోబెట్టాడు. తలకింద తన తువ్వాలు మడిచి పెట్టాడు. కోమలక్క అతని చొక్కా గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. ఒక్కో వేలూ విడదీసుకుని, వెనక్కి అడుగేసి తలుపు మూశాడు.

"నేను నడిచొస్తాలే. నువ్వు ముందు పో," అన్నాడు.

నానమ్మ లోపల కూర్చుంది. ఆవిడ లేకుండా కుదరదు. నన్ను కూడా రమ్మంది అత్త. సీటు కింద సందులో పట్టేది నా చెయ్యొక్కటే, బరువూ తక్కువ.

ఎక్కబోతూ అత్త ఆగింది. వంగి, వరసలో చివరి పళ్ళాన్ని సొరుగులా లాగి బయటికి తీసింది. "పట్టుకో," అని నా చేతుల్లో పెట్టింది. గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్ట పొట్టలా వెచ్చగా ఉంది. మీగడ ఇంకా పూర్తిగా కట్టుకోలేదు, చెంచాడు తీసి ఉంచితే బతకదు. పళ్ళెం పళ్ళెంగా ఇంట్లో ఉంచేసి పోతే మళ్ళీ అన్నీ చేసుకోవచ్చు. పదకొండుతో పోవచ్చు. నాలుగు కిలోమీటర్లు తగ్గుతాయి, అంతే.

మస్తానన్న పళ్ళెం వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. వద్దనలేదు, పెట్టమనలేదు.

అత్త కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఇలా ఇవ్వు," అంది.

పళ్ళాన్ని మళ్ళీ లోపలికి నెట్టి, తలుపు వేసింది.

*

దారి పొడుగునా పడిపోయిన చెట్లు, వాలిపోయిన కరెంటు స్తంభాలు. పొలాల్లో వరి నేలకు అంటుకుపోయింది. రెండు చోట్ల చెట్టు అడ్డంపడి ఉంటే వెనక్కి తిరిగి వేరే ఊళ్ళ మీదుగా పోవాల్సి వచ్చింది. అత్త నెమ్మదిగా, గతుకు తగలకుండా నడిపింది. పల్లం వచ్చినప్పుడల్లా కాలు తీసేసేది. నేను ముందు సీటులో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని, సీసాలోని కుడితి గరాటులో పోస్తూనే ఉన్నాను.

"తింటున్నాయా?" అని అడిగేది అత్త.

"తింటున్నాయి."

"అమ్మా, కోమలి ఎట్టుంది?"

"ఉంది. నువ్వు దారి చూడు," అనేది నానమ్మ.

కోమలక్క అరవలేదు. పళ్ళు కరిచిపట్టి, "మా ఆయన ఎంత దూరం వచ్చుంటాడు పెద్దమ్మా?" అని ఒక్కటే అడిగింది.

"వాడా? అడ్డదారిన వచ్చి మనకంటే ముందే అక్కడ బీడీ కాలుస్తా ఉంటాడు చూడు."

కోమలక్క నవ్వబోయి మూలిగింది.

సగం దారిలో ఉన్న ఊళ్ళో ఆసుపత్రి దగ్గర ఆగాం. అప్పటికి ముల్లు గీత మీద ఉంది. అక్కడి నర్సమ్మ బయటికొచ్చి కారులోకి తొంగిచూసింది. కరెంటు లేదు, రక్తం లేదు, ఆపరేషను చేసే డాక్టరు వరద ఊళ్ళకు వెళ్ళాడు, ఉన్న ఒక్క అంబులెన్సూ పొద్దున పోయి తిరిగి రాలేదు. ఆవిడ సూది వేసి, నానమ్మ చేతిలో గుడ్డలు పెట్టింది. "ఆగొద్దమ్మా. గుంటూరు పోండి," అంది.

"ఇక్కడ ఇంకేదన్నా బండి దొరుకుద్దా?" అని అత్త అడిగింది.

"ఉంటే మిమ్మల్ని ఇట్టా చూస్తా నిలబడతానా?"

అత్త వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ఎర్ర గీత మీద వేలితో ఒకసారి రాసింది, మురికి తుడిచినట్టు. తర్వాత పోనిచ్చింది.

కాసేపు కారు నెమ్మదించింది. ఆ తర్వాత, ఆ రోజు గోదాములో ఫ్యాను లాగా, ఉన్నట్టుండి బలం వచ్చి ముందుకు దూకింది. అంత హుషారుగా అది ఎప్పుడూ నడవలేదు. నాకు ఏడుపొచ్చింది.

"చెంచూ, చూసి చెప్పు."

నానమ్మ కోమలక్క కాళ్ళు కాస్త పక్కకు జరిపితే, సీటు సందులోంచి లోపలికి చూశాను. మొదటి పళ్ళెం అంచులు తెల్లబడుతున్నాయి.

"ఒకటి మొదలైందత్తా."

ఇక కుడితి పోసినా లాభం లేదు. అయినా పోశాను. బుడగల చప్పుడు పోయి, నూనెలో ఏదో వేగుతున్నట్టు చిటచిట మొదలైంది. వాసన కారంతా నిండింది. నానమ్మ అద్దం దించింది. అత్త అడగడం, నేను చెప్పడం. మూడయ్యాయి. ఐదయ్యాయి. ఒక దశలో అత్త అడగడం మానేసింది. నేను చెప్పడం మానలేదు.

గుంటూరు ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ దీపాలు వెలుగుతున్నాయి, జనం తిరుగుతున్నారు. ఆసుపత్రి ఇంక వంతెన అవతలే. వంతెన మొదట్లో అత్త బండి ఆపింది.

"ఎన్ని?"

"ఒకటి. చివరిది."

నా చేతుల్లో పెట్టి తిరిగి తీసుకున్న పళ్ళెం అది. ఇంకా గులాబీగానే ఉంది. మిగతా పెట్టె అంతా సున్నం పూసినట్టుంది.

నానమ్మ తలుపు తీసి ఒక కాలు కిందపెట్టింది. "ఆ ఒక్కటీ ఉంచుకోవే హేమా. నేను దిగి తోస్తా. నలుగుర్ని పిలుస్తా. ఎవురన్నా ఆగుతారు. ఆ ఒక్కటీ ఉంచుకో," అంది. చేతుల్లో గుడ్డలు ఎర్రగా ఉన్నాయి.

అత్త అద్దంలోంచి వెనక సీటు చూసింది. కోమలక్క కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. పిలిచినా పలకడం లేదు.

"కూర్చోమ్మా," అంది అత్త. "తలుపెయ్యి."

కారు వంతెన ఎక్కింది.

*

ఆసుపత్రి గేటు లోపలికి రాగానే అది ఆగిపోయింది. మనుషులొచ్చి కోమలక్కను స్ట్రెచరు మీద పరుగున తీసుకుపోయారు. నానమ్మ వెంట వెళ్ళింది. అత్త స్టీరింగు మీద చేతులు తీయకుండా కూర్చుంది. నేను సీటు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు.

చాలాసేపటికి నానమ్మ వచ్చింది. "ఆడపిల్ల. ఏడ్చింది. తల్లికి రక్తం ఎక్కిస్తున్నారు. బతుకుద్దంట," అని చెప్పి, కారు పక్కనే గచ్చు మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే చంపానే. ఆ రాత్రి ఇచ్చుంటే అయిపోయేది."

"నేనూ ఉన్నాగా అక్కడ," అంది అత్త. "ఒక్క రాత్రికి ఏమవుతదిలే అన్నది నేను."

దిగి వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది.

మస్తానన్న మర్నాడు చేరాడు. సగం నడిచి, సగం ఎవరి లారీ మీదో వచ్చాడట. కాళ్ళు వాచిపోయాయి. ముందు కోమలక్కను, పిల్లను చూసుకున్నాడు. తర్వాత బయటికొచ్చి కారు దగ్గరికి వెళ్ళి, తనే సీటు ఎత్తాడు. ఆ వాసనకు మొహం తిప్పుకోలేదు. పన్నెండు పళ్ళాలూ చూసి, నెమ్మదిగా దించాడు.

"అక్కా, నా పెట్టె కడిగి ఉంచుతా. నీళ్ళు కూడా పారబొయ్యను. ఎప్పటికన్నా..." అన్నాడు.

*

ఇది జరిగి మూడేళ్ళయింది. మడులకు మళ్ళీ గట్లు వేశారు. ఉప్పు పండుతోంది. ప్రతి వేసవిలో చివరి మడులు ఎర్రబడతాయి. ప్రతి వేసవిలో అత్త సీసాలు పట్టుకుని మా ఊరి మడులే కాదు, ఒడ్డు వెంబడి ఊరూరూ తిరుగుతుంది. ఎర్రనీళ్ళు దొరుకుతాయి. గులాబీ తరక దొరకలేదు. గంజి పోసి, బల్బు తగిలించి, పొద్దున్నే లేచి చూస్తుంది. మళ్ళీ వేరే సీసా కడుగుతుంది. చీరాలకు ఇప్పుడు బస్సులో పోతోంది. రాఘవులు తాత ఎదురుపడితే తన కారులో ఎక్కించుకుంటాడు. ఎంత దూరం పోతుందని కార్ల గురించి ఆయన ఇంకెవరినీ అడగడం నేను వినలేదు.

మా కారు గేదె కొట్టం పక్కన నిలబడి ఉంది. అమ్మేయమని చాలామంది చెప్పారు.

మొన్న సాయంత్రం నానమ్మ దీపం పెట్టి లోపలికి వస్తుండగా, మస్తానన్న కూతురు వర్షిత చిన్న గిన్నె పట్టుకుని వచ్చింది.

"జేజీ, అమ్మ తోడు అడిగింది. పాలు కాగినయ్యంట."

దీపం గడప మీద వెలుగుతూనే ఉంది. నానమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు. లోపలికి వెళ్ళి, మీగడతో సహా పెరుగు గిన్నె నిండా వేసి తెచ్చింది. ఇప్పుడు ఎవరు ఏ వేళ వచ్చినా ఇస్తుంది. అడగని వాళ్ళకు కూడా పంపిస్తుంది. వీధిలో కొందరు నవ్వుకుంటారు.

వర్షిత గిన్నె రెండు చేతులా పట్టుకుని తిన్నగా ఇంటికి పోలేదు. కారు దగ్గర ఆగింది. తలుపు ఊడిపోయిన వైపు నుంచి ఎక్కి, గరాటు ఎక్కడుంటుందో దానికెవరు చెప్పారో తెలియదు, అందులో చెంచాడు పెరుగు వేసింది. తర్వాత వంగి, సీటుకు చెవి ఆనించింది. పెద్దవాళ్ళు చేసినట్టు కళ్ళు మూసుకుని మరీ వింది.

ఎప్పుడైనా ఒక్క చుక్క పారేస్తే ఊరుకోని నానమ్మ కోప్పడలేదు.

"తింటందా?" అని అడిగింది గుమ్మంలోంచి.

"ఇంకా లేదు జేజీ. నిద్దరపోతంది," అంది వర్షిత.

అత్త నా పక్కనే నిలబడి చూస్తోంది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వంటింట్లోంచి సీసాలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఎండలు ముదురుతున్నాయి. చివరి మడి రంగు తిరిగే రోజులు.